250 డిగ్రీల పిజ్జా



పిజ్జా పుట్టుకతో ఇంటి వంట కాదు. ఇంట్లో పిజ్జా చేయబోతే అడుగు పచ్చిగా ఉండిపోయిందనీ, అంచులు గట్టిపడి కొరుకుడు పడలేదనీ నిరాశపడ్డవాళ్లు ముందుగా ఈ సంగతి తెలుసుకుంటే సగం బెంగ తీరుతుంది. ఇటలీ దక్షిణాన నేపుల్స్ అనే రేవు పట్టణం ఉంది. అక్కడి ఇరుకు సందుల్లో, ఒంటిగది కొంపల్లో ఉండే కూలీజనం కడుపు నింపుకోవడానికి బజార్లో కొనుక్కు తిన్న తిండి పిజ్జా. కొలిమిలాంటి పెద్ద పొయ్యి ఉన్నవాడు కాల్చేవాడు, కుర్రాళ్లు పెట్టెల్లో పెట్టుకుని వీధుల వెంట అమ్మేవాళ్లు. ఫ్రెంచి రచయిత అలెగ్జాండర్ డ్యూమా 1840లలో ఆ ఊరి ముచ్చట్లు రాస్తూ, అక్కడి పేదవాళ్లు చలికాలమంతా పిజ్జాతోనూ, వేసవంతా పుచ్చకాయతోనూ గడిపేస్తారని చెప్పాడు. 1891లో పెలెగ్రీనో ఆర్తూసి అనే ఆయన ఇటలీ ఇళ్ల వంటలన్నీ పోగుచేసి ఒక పుస్తకం వేశాడు. ఇప్పటికీ అక్కడి వంటిళ్లలో అది కనిపిస్తుంది. అందులో నేపుల్స్ పిజ్జా అన్న పేరుతో ఉన్నదేమిటో తెలుసా? బాదంపప్పు, తాజా జున్నులాంటి రికోటా వేసి చేసే తీపి వంటకం. మనం ఎరిగిన టమాటా పిజ్జా అప్పటికి ఇల్లాళ్ల పుస్తకంలోకి రాలేదన్నమాట.

ఎందుకు రాలేదంటే, ఒక కారణం ఆ పొయ్యి. నేపుల్స్ పిజ్జాకి ఇప్పుడు కట్టుదిట్టమైన నియమావళి ఉంది. 1984లో అక్కడి పిజ్జా పనివాళ్లు ఒక సంఘం పెట్టుకుని, అసలు పిజ్జా అంటే ఇదీ అని రాసుకున్నారు. 2010లో ఐరోపా సమాఖ్య దానికి చట్టపరమైన గుర్తింపు ఇచ్చింది. 2017లో పిజ్జా చేసే ఆ చేతిపనిని యునెస్కో మానవాళి వారసత్వ జాబితాలో చేర్చింది. సమాఖ్య గుర్తించిన ఆ నియమాల్లో పిండి గురించి, టమాటా గురించి చాలానే ఉన్నా, గుండెకాయ మాత్రం ఒక్కటే. కట్టెల పొయ్యి, 485 డిగ్రీల దాకా వేడి, 60 నుంచి 90 సెకన్లలో పిజ్జా బయటికి రావాలి. నిమిషంన్నర! అంతకు మించితే అది వాళ్ల లెక్కలో పిజ్జా కాదు.

ఇక మన సంగతి. మన ఇళ్లలో ఉన్నది ఓటీజీ అనే చిన్న కరెంటు ఓవెన్. దాని మరను ఎంత తిప్పినా 230 డిగ్రీలు, మహా అయితే 250. అమెరికాలో మనవాళ్ల ఇళ్లలో పొయ్యి కిందే పెద్ద ఓవెన్ ఉంటుంది. అదైనా 260, 280 దగ్గర ఆగిపోతుంది. అసలు అక్కడ చాలా తెలుగు ఇళ్లలో ఆ ఓవెన్ మూకుళ్లు, బాండీలు దాచుకునే బీరువాగా చాకిరీ చేస్తోంది. పిజ్జా కోసం తలుపు తెరిస్తే ముందు సామాను దించుకోవాలి. అది వేరే కథ.

485 ఎక్కడ, 250 ఎక్కడ? సగమే కదా, రెట్టింపు సేపు ఉంచితే సరిపోతుంది అనుకుంటాం. సరిపోదు. పిజ్జాకి వేడి రెండు దారుల్లో అందాలి. కింద రాతినో ఇనుమునో ఆనుకుని అడుగు కాలాలి, పైనుంచి పొయ్యి కప్పు వెదజల్లే సెగకి అంచు, జున్ను కాలాలి. మన అమ్మమ్మలు దిబ్బరొట్టె కాల్చడం చూసినవాళ్లకి ఇది కొత్త కాదు. మందపాటి గిన్నె కింద నిప్పులు, మూత మీదా నిప్పులు. రెండువైపుల వేడి ఒక్కసారి తగిలితేనే ఆ రొట్టె అలా వస్తుంది. పిజ్జా కూడా అంతే. అయితే పైనుంచి వచ్చే సెగకి ఒక లెక్క ఉంది. వేడి కొద్దిగా తగ్గినా సెగ చాలా తగ్గిపోతుంది. 485 డిగ్రీల కప్పు నుంచి వచ్చే సెగలో 250 డిగ్రీల కప్పు నుంచి వచ్చేది నాలుగో వంతు కూడా ఉండదు. అందుకే ఇంటి ఓవెన్‌లో పిజ్జా పైభాగానికి రంగు రాదు. రంగు కోసం ఇంకాసేపు, ఇంకాసేపు అని ఉంచుతాం. ఈలోగా పిండిలో తడి అంతా ఇగిరిపోతుంది. చివరికి చేతికొచ్చేది రంగు లేని గట్టి రొట్టె.

కాబట్టి నేను చెప్పబోయేది నేపుల్స్ పిజ్జాని ఇంట్లో అచ్చుదించడం గురించి కాదు. ఆ ప్రయత్నం మానుకోమనే నా సలహా. 250 డిగ్రీలకి ఏ పిజ్జా బాగా వస్తుందో ఆ పిజ్జా చేద్దాం. ఇటలీ ఇళ్లలో ఆడవాళ్లు చేసేదీ ఇదే. అక్కడ ఇంట్లో పిజ్జా అంటే గుండ్రటి నేపుల్స్ పిజ్జా కాదు. నలుచదరపు రేకు పళ్లెంలో నూనె రాసి, పిండి పరిచి, ఓవెన్‌లో పెట్టి, ముక్కలు కోసి పెడతారు. రోమ్ నగరంలో అయితే ఈ పళ్లెం పిజ్జాకే ప్రత్యేకంగా దుకాణాలున్నాయి. కత్తెరతో కోసి, తూకం వేసి అమ్ముతారు. అవి కాల్చేది కరెంటు ఓవెన్లలోనే. అమెరికాలో మోటారు కార్ల ఊరు డెట్రాయిట్‌లో 1946లో ఒక సారా కొట్టువాళ్లు మొదలుపెట్టిన పిజ్జా కూడా ఈ జాతిదే. కార్ల ఫ్యాక్టరీల్లో చిన్న చిన్న విడిభాగాలు వేసుకునే లోతైన ఇనప పళ్లేల్లో కాల్చారని అక్కడివాళ్లు చెప్పుకుంటారు. మందపాటి ఇనుము, అడుగున నూనె. ఆ నూనెలో పిండి అడుగు వేగినట్టవుతుంది. పొయ్యిలో వేడి తక్కువైనా కరకరలాడుతుంది.

ఇనుము అన్నాను కదా, అక్కడ కాస్త ఆగుదాం. ఆంద్రే వర్లమోవ్, ఆండ్రియాస్ గ్లాట్స్ అని ఇద్దరు భౌతిక శాస్త్రవేత్తలు, సెర్జియో గ్రాసో అనే ఆహార పరిశోధకుడితో కలిసి 2018లో పిజ్జా కాలడం మీద లెక్కలు కట్టి ఒక వ్యాసం రాశారు. రోమ్‌లో కట్టెల పొయ్యిలో 330 డిగ్రీల ఇటుక మీద పిజ్జాకి రెండు నిమిషాలు పడుతుంది. అదే 330 డిగ్రీల ఇనప రేకు మీద వేస్తే అడుగు మాడి బొగ్గవుతుంది, ఎందుకంటే ఇనుము తనలోని వేడిని ఇటుక కన్నా చాలా వేగంగా పిండికి అందిస్తుంది. వాళ్ల లెక్క ప్రకారం ఇనప రేకుకి 230 డిగ్రీలు చాలు, దాదాపు మూడు నిమిషాల్లో పని అవుతుంది. 230 డిగ్రీలంటే మన ఓటీజీ అందుకోగలిగిన వేడే కదా! మరి ఆ మందపాటి ఇనప రేకు ఎక్కడ దొరుకుతుంది? పిజ్జా రాయి, పిజ్జా స్టీలు అని వేలు పోసి కొనక్కర్లేదు. దోసెలు పోసుకునే పోత ఇనప పెనం చాలా ఇళ్లలో ఉంది. దాని సంగతి మళ్లీ చెప్తాను. ముందు పిండి.

కాగితం, పెన్ను దగ్గర పెట్టుకోండి. ఇద్దరు, ముగ్గురికి సరిపడా కొలతలు చెప్తాను. మైదా 300 గ్రాములు. నీళ్లు 195 మిల్లీలీటర్లు, ఇంచుమించు 200 అనుకోండి. మెత్తటి ఉప్పు ఒక టీస్పూను, పైన చిటికెడు. ఇన్‌స్టంట్ ఈస్ట్ పావు టీస్పూను. నూనె ఒక టేబుల్ స్పూను. పంచదార అర టీస్పూను. మరోసారి చెప్తున్నాను. మైదా 300 గ్రాములు, నీళ్లు 195, ఉప్పు టీస్పూను, ఈస్ట్ పావు టీస్పూను, నూనె టేబుల్ స్పూను, పంచదార అర టీస్పూను. వీలైతే పిండిని తూచండి. గ్లాసుతో కొలిస్తే అదిమి పోసినవాళ్లకి ఒకటి, జల్లించి పోసినవాళ్లకి ఒకటి వస్తుంది. నేపుల్స్‌లో పిండిలో పంచదార, నూనె వెయ్యరు, వాళ్ల వేడికి అక్కర్లేదు. మనకి రంగు రావాలంటే కావాలి.

ఈస్ట్ పావు టీస్పూనేనా అని అనుమానం వస్తుంది. పొట్లం వెనక రాసిన దానికన్నా ఇది చాలా తక్కువ. పొట్లం వాళ్లు గంటలో పిజ్జా కావాలనుకునేవాళ్ల కోసం రాస్తారు. హోటలు వాడి దగ్గర ఉన్నది మంట. ఇంట్లో మన దగ్గర ఉన్నది తీరిక. పిండి ఇవాళ కలిపి, ఫ్రిజ్‌లో పెట్టి, రేపో ఎల్లుండో కాల్చుకోవచ్చు. ఆ చలికి ఈస్ట్ బాగా మందగిస్తుంది. కానీ పిండిలో సహజంగా ఉండే ఎంజైములు నెమ్మదిగా తమ పని తాము చేసుకుపోతూనే ఉంటాయి. పిండి పదార్థాన్ని విడగొట్టి చక్కెరలు చేస్తాయి. ఆ చక్కెరల వల్ల తక్కువ వేడిలో కూడా అంచులకి రంగు వస్తుంది, రుచీ వస్తుంది. మన ఓవెన్‌లో లేని వేడికి కొంత బదులు ఈ ఒకటి రెండు రోజుల నిలవలో దొరుకుతుంది. నన్నడిగితే ఇంటి పిజ్జాలో అన్నింటికన్నా పెద్ద తేడా తెచ్చేది ఇదే. ఖరీదైన జున్ను కొన్నా ఇంత తేడా రాదు.

పిండిని గంటల తరబడి పిసకనక్కర్లేదు కూడా. న్యూయార్క్‌లో జిమ్ లేహీ అనే రొట్టెలాయన అసలు పిసకకుండా రొట్టె చేసే పద్ధతి 2006లో న్యూయార్క్ టైమ్స్ పత్రికలో వచ్చి ఇంటింటికీ పాకింది. తడి పిండిని అలా వదిలేస్తే, గోధుమలోని ప్రొటీన్లు నీళ్లు పీల్చుకుని వాటంతట అవే అల్లుకుని సాగే గుణం తెచ్చుకుంటాయి. ఆ అల్లికనే గ్లూటెన్ అంటారు. మీరు చెయ్యవలసింది ఇంతే. అన్నీ ఒక గిన్నెలో వేసి పొడిపిండి కనపడకుండా కలపండి. మూతపెట్టి ఇరవై నిమిషాలు వదిలెయ్యండి. తర్వాత చెయ్యి తడుపుకుని, ముద్ద అంచు పట్టుకుని పైకి లాగి, మధ్యకి మడవండి. గిన్నె తిప్పుతూ నాలుగువైపులా అలాగే. మళ్లీ ఇరవై నిమిషాలకి ఇంకోసారి, ఆపైన మరోసారి.

మొదట్లో ఆ ముద్ద చేతికి అంటుకుని విసిగిస్తుంది. పొడిపిండి చల్లాలని చెయ్యి పీకుతుంది. చల్లకండి. మూడో మడత దగ్గరికి వచ్చేసరికి అదే పిండి నున్నగా, గిన్నెకి అంటకుండా విడివడుతుంది. చిన్న ముక్క తుంచి, నాలుగు వేళ్ల మీద వేసుకుని మెల్లగా లాగి చూడండి. కిటికీ వెలుతురుకి పట్టుకుంటే పల్చటి పొరలోంచి అవతల వేళ్ల నీడ కనబడాలి, కానీ చిరగకూడదు. చిరిగితే ఇంకొంచెంసేపు ఆగాలని అర్థం. కనబడితే పిండి సిద్ధం.

తర్వాత ఒక గంట బయట ఉంచి ఫ్రిజ్‌లోకి. ఈ గంట అన్న మాట చలికాలానికి. మే నెలలో విజయవాడలోనో రామగుండంలోనో ఉన్నవాళ్లు ఫ్రిజ్ నీళ్లతో పిండి కలిపి, మడతలు అవగానే నేరుగా లోపల పెట్టెయ్యాలి. 38, 40 డిగ్రీల గదిలో ఈస్ట్ రెచ్చిపోతుంది. పిండి త్వరగా పొంగిపోయి కల్లు వాసన మొదలవుతుంది. ఆ పిండి రుచీ పోతుంది, సత్తువా పోతుంది. ఫ్రిజ్‌లో కనీసం 24 గంటలు, మూడు రోజుల వరకూ బాగుంటుంది. మూత బిగుతుగా ఉండాలి, లేకపోతే పైన ఎండు పొర కడుతుంది. కాల్చేరోజు రెండు గంటల ముందు బయటపెట్టండి. చల్లటి పిండి చచ్చినా సాగదు.

గోధుమపిండితో చెయ్యకూడదా అని తప్పకుండా అడుగుతారు. చెయ్యవచ్చు, కానీ పూర్తిగా కాదు. మర పట్టించిన గోధుమపిండిలో తవుడు ఉంటుంది. ఆ తవుడు ముక్కలు గ్లూటెన్ పొరని ఎక్కడికక్కడ కోసేస్తాయి, పిండి పొంగదు. నీళ్లు కూడా ఎక్కువ తాగుతుంది. మూడో వంతు గోధుమపిండి కలుపుకుని నీళ్లు రెండు చెంచాలు పెంచితే కమ్మటి గోధుమ రుచి వస్తుంది, పొంగు కూడా నిలుస్తుంది. అంతకన్నా ఎక్కువైతే మంచి రొట్టె అవుతుంది, పిజ్జా అవదు.

టమాటాల విషయం. నేపుల్స్ చుట్టుపక్కల సాన్ మర్జానో అని పొడుగాటి టమాటా పండుతుంది. గుజ్జెక్కువ, గింజలు తక్కువ. దాన్ని చేత్తో చిదిమి, ఉప్పు వేసి, ఉడకబెట్టకుండానే పూస్తారు. పొయ్యి వేడికి నిమిషంలో నీరు ఇగిరిపోతుంది. మన బజారు టమాటాలో, అది మదనపల్లె నుంచి వచ్చినదైనా పెరట్లో కాసినదైనా, నీళ్లెక్కువ. మన ఓవెన్‌లో ఆ నీరు ఇగరదు, కిందకి దిగి పిండిని నానబెడుతుంది. పిజ్జా కోసి చూస్తే పూతకీ రొట్టెకీ మధ్య జిగటగా పచ్చి పొర కనిపిస్తుంది చూడండి, అది ఇలా వచ్చిందే. అందుకని మనం ఉడికించుకోవలసిందే. బాగా పండిన టమాటాలు ఆరేడు తీసుకుని, వేడినీళ్లలో ముంచి తోలు తీసి, గింజలు పిండేసి, చిదమండి. బాండీలో రెండు చెంచాల నూనె, చితక్కొట్టిన వెల్లుల్లి రెబ్బలు రెండు, ఆ పైన టమాటా, ఉప్పు. గరిటెతో అడుగున గీత గీస్తే ఆ గీత కాసేపు పూడకుండా నిలవాలి, అంతవరకూ ఉంచండి. పచ్చడి మాత్రం చెయ్యకండి, మెంతులూ ఆవాలూ వద్దు. ఒక పిజ్జాకి మూడు చెంచాలు మించి పూయకూడదు. చాలా తక్కువగా కనిపిస్తుంది. కనిపించనివ్వండి.

జున్ను. మొజరెల్లా. నేపుల్స్ ఉన్న కంపానియా ప్రాంతంలో దీన్ని గేదె పాలతో చేస్తారు. మన రెండు రాష్ట్రాల్లో కూడా ఇంటికొచ్చే పాలు చాలావరకూ గేదె పాలే కాబట్టి, ఆ వెన్న కమ్మదనం మన నాలుకకి కొత్త కాదు. పాలని రెన్నెట్‌తో విరిచి, ఆ విరుగుని వేడినీళ్లలో వేసి, తీగలు తీగలుగా సాగదీసి ముద్దకడతారు. అలా సాగదీయడం వల్లే కరిగినప్పుడు తీగ సాగుతుంది. రెన్నెట్ దూడ కడుపు నుంచి తీసినదైనా కావచ్చు కాబట్టి, శాకాహారులు పొట్లం మీద పచ్చచుక్క చూసి కొనుక్కోవాలి. అన్నట్టు, పనీరు కరగదేమిటి అంటారు. దాన్ని నిమ్మరసంతో, మరుగుతున్న పాలలో విరుస్తారు. ఆ పులుపుకి జున్నుని పట్టి ఉంచే కాల్షియం కరిగి నీళ్లలోకి పోతుంది. అందుకే పనీరు ఎంత కాల్చినా ముక్కలాగే ఉంటుంది, కరిగి పరుచుకోదు. పైన ముక్కలుగా వేసుకోండి, దాని బాగు దానిది. మొజరెల్లాకి బదులు మాత్రం కాదు. నీళ్లలో తేలుతూ వచ్చే తాజా మొజరెల్లా కొంటే, ముక్కలు కోసి, శుభ్రమైన గుడ్డ మీద పరిచి, రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచి నీరు ఓడనివ్వాలి. గట్టి దిమ్మ అయితే ఈ బాధ లేదు. తురిమి అమ్మే పొట్లాలు మాత్రం వద్దు. తురుము అంటుకోకుండా దానికి ఏదో ఒక పొడి పట్టిస్తారు, అది సరిగ్గా కరగనివ్వదు. దిమ్మ కొని ఇంట్లో తురుముకోవడానికి ఎంతసేపు?

జున్ను తినని వాళ్లు, అరగని వాళ్లు దిగులుపడనక్కర్లేదు. నేపుల్స్ సంఘం అసలైనవని ఒప్పుకున్న పిజ్జాలు రెండే. ఒకటి మార్గెరీటా, రెండోది మరినారా. మరినారాలో జున్నే ఉండదు. టమాటా, వెల్లుల్లి, ఒరెగానో ఆకు, నూనె, అంతే. నాకు అదే ఎక్కువ ఇష్టం. మార్గెరీటా మీద పడే ఆకు బేసిల్. పూజ తులసి కాదు, దాని ఘాటు వేరు. మనం షర్బత్‌లో నానబోసుకునే సబ్జా గింజలు ఈ బేసిల్ జాతి మొక్కవే. నాలుగు గింజలు కుండీలో చల్లితే రెండు నెలల్లో పిజ్జాకి ఆకు కోసుకోవచ్చు. కొన్న రకానికీ దీనికీ వాసనలో కొద్ది తేడా ఉంటుందంతే. ఉల్లిపాయ, క్యాప్సికం, పుట్టగొడుగులు వేసుకునేవాళ్లు వాటిని ముందే బాండీలో పెద్ద మంట మీద వేయించి నీరు పోగొట్టాలి. పచ్చివి వేస్తే అవీ నీళ్లే వదులుతాయి. ఇక దాని మీద గోంగూర వెయ్యచ్చా, కోడికూర వెయ్యచ్చా అంటే, మీ పిజ్జా మీ ఇష్టం. నా అభ్యంతరమల్లా బరువు గురించే. పైన కుప్ప పెరిగినకొద్దీ కింద పచ్చి పెరుగుతుంది.

ఇప్పుడు కాల్చడం. మొదటిది పెనం పద్ధతి. పిండిని రెండు ఉండలు చేసుకోండి, ఒక్కోటి పావుకిలో వస్తుంది. ఓటీజీలో పై మెట్టున రేకు పెట్టి, 250కి తిప్పి, పైనా కిందా ఉన్న రెండు కడ్డీలూ వేసి, కనీసం అరగంట కాగనివ్వండి. దీపం ఆరగానే కాగిందనుకోకండి. ఆ దీపానికి తెలిసేది లోపలి గాలి వేడి మాత్రమే, రేకు ఇంకా చల్లగానే ఉంటుంది. ఈలోగా ఉండని పొడిపిండి మీద పెట్టి, వేళ్ల కొసలతో మధ్య నుంచి అంచులకి నొక్కుతూ పోండి. చుట్టూ అంగుళం అంచు వదిలెయ్యండి. గాలి అంతా అక్కడికి చేరుతుంది. తర్వాత రెండు పిడికిళ్ల మీద వేసుకుని తిప్పుతూ సాగదీయండి. అప్పడాల కర్ర జోలికి పోవద్దు. రెండు రోజులు పట్టిన గాలిని ఒక్క తోపుడుతో అది బయటికి నెట్టేస్తుంది. సాగకుండా వెనక్కి ముడుచుకుపోతుంటే కొట్లాడకండి. పది నిమిషాలు మూతపెట్టి వదిలేస్తే తనే లొంగుతుంది.

పోత ఇనప పెనాన్ని గ్యాస్ మీద బాగా కాల్చండి. నీటి చుక్క వేస్తే గోళీలా దొర్లాలి. నాన్‌స్టిక్ పెనం ఇంత వేడికి పనికిరాదు, దాని పూత పాడై పొగలు వస్తాయి. పిండిని పెనం మీద పరిచి, మంట మధ్యస్థంగా తగ్గించి, చకచకా టమాటా పూయండి. అంచు వదిలి, నూనె చుక్కలు చల్లండి. జున్ను ఇప్పుడే కాదు. రెండు మూడు నిమిషాల్లో అంచు ఎత్తి చూస్తే అడుగున దోసె మీద పడేలాంటి ఎర్ర మచ్చలు కనిపిస్తాయి. అప్పుడు జున్ను చల్లి, అట్లకాడతో ఎత్తి, ఓటీజీలో కాగుతున్న రేకు మీదకి జార్చండి. పెనం పిడి పట్టేటంత పెద్ద ఓవెన్ అయితే పెనంతో సహా పెట్టండి. పైకి దగ్గరగా ఉండే మెట్టులో పెట్టి, పై కడ్డీ మాత్రమే వేసి ఉంచాలి. కింద పని గ్యాస్ చేసేసింది, పైపని కడ్డీది.

ఇక అద్దంలోంచి చూడటమే. తలుపు తెరిస్తే వేడి పోతుంది. మొదటి నిమిషంలో ఏమీ జరగదు. తర్వాత అంచు ఒకచోట పొంగుతుంది, పక్కన ఇంకోచోట. జున్ను ముక్కల మూలలు మెత్తబడి, చెమటపట్టి, ఒకదాంతో ఒకటి కలుస్తాయి. నాలుగైదు నిమిషాలకి పొంగిన బుడగల నెత్తిన గోధుమరంగు, ఒకటి రెండు చోట్ల నల్లచుక్క. జున్ను మీద నూనె తేలి ఎర్రబడకముందే తీసెయ్యాలి. మీ ఓవెన్‌కి ఆరు నిమిషాలు పట్టవచ్చు, నాలుగే పట్టవచ్చు. గడియారం కన్నా మీ కన్నే నమ్మకం. తీశాక ఆకు తుంచి వెయ్యండి. చల్లబడేదాకా పళ్లెంలో పెట్టకండి, ఆవిరికి అడుగు మెత్తబడుతుంది. కమ్మీల జాలీ మీద రెండు నిమిషాలు ఉంచి కోయండి.

రెండోది పళ్లెం పద్ధతి. పెనం మీద పిండి వెయ్యడానికి చెయ్యి వణికేవాళ్లకి ఇది హాయి. ఓటీజీతో వచ్చిన రేకుకి రెండు మూడు చెంచాల నూనె ధారాళంగా రాయండి. పిండి మొత్తం ఒకటే ముద్దగా అందులో పెట్టి, వేళ్లకి నూనె రాసుకుని, గుంటలు పడేలా నొక్కుతూ మూలలదాకా పరవండి. మూలలకి చేరకపోతే పావుగంట ఆగి మళ్లీ. తర్వాత మూతపెట్టి గంట వదిలితే బుడగలు తేలి మెత్తగా పొంగుతుంది. టమాటా పూసి, అన్నింటికన్నా కింది మెట్టులో, రెండు కడ్డీలూ వేసి 250 దగ్గర పదినిమిషాలు. అప్పుడు తీసి జున్ను చల్లి మరో ఏడెనిమిది నిమిషాలు. జున్నుని మొదటి నుంచీ వేస్తే ఇంతసేపటికి తోలులా సాగుతుంది. డెట్రాయిట్ వాళ్లలా జున్నుని రేకు అంచుదాకా చల్లితే, అది నూనెలోకి జారి అంచున నల్లటి కరకర పొర కడుతుంది. పిల్లలు ఆ మూలముక్కల కోసమే కొట్టుకుంటారు.

మైక్రోవేవ్ మాత్రమే ఉన్నవాళ్లకి రెండు మాటలు. అందులో కన్వెక్షన్ మీట ఉంటే అది నొక్కి, ఇవ్వగలిగినంత వేడి ఇచ్చి పళ్లెం పద్ధతి చెయ్యండి. ఉత్త మైక్రోవేవ్‌లో పిండి ఉడుకుతుందే కానీ కాలదు. దానికన్నా పూర్తిగా గ్యాస్ మీద, పెనం మీద మూతపెట్టి, సన్నని సెగన కాల్చుకోవడం నయం. పైన రంగు రాదు, తినడానికి లోటుండదు. ఓటీజీ వాడేవాళ్లు దాన్ని పెద్ద ప్లగ్గుకే తగిలించండి. గంటసేపు పూర్తి వేడిలో నడిచే వస్తువుని ఎక్స్‌టెన్షన్ బోర్డుకి తగిలిస్తే వైరు కరిగిపోవచ్చు.

రెండో ఉండ మిగిలిపోతే నూనె రాసి, డబ్బాలో పెట్టి ఫ్రీజర్‌లో వేసుకోండి, నెలరోజుల దాకా ఉంటుంది. వాడేముందు రాత్రే కిందకి దించి ఫ్రిజ్‌లో కరగనివ్వాలి. కాల్చిన ముక్కలు మర్నాటికి మిగిలితే మైక్రోవేవ్‌లో పెట్టకండి. పెనం మీద, నూనె లేకుండా, సన్నని సెగన రెండు నిమిషాలు ఉంచండి. అడుగు మళ్లీ కరకరలాడటం మొదలవగానే పక్కన నాలుగు చుక్కల నీళ్లు చిలకరించి వెంటనే మూతపెట్టండి. ఆ ఆవిరికి జున్ను మెత్తబడుతుంది. మూత తీసి, ఇంకో అర నిమిషం ఆరనిచ్చి తినండి.